మా మేనత్త దాటని తలుపు

పోయిన బుధవారం పొద్దున నేను బడికి పాఠాలు చెప్పడానికి బయల్దేరుతుంటే మామ ఫోన్ చేశాడు. ఆయన నాకు ఎప్పుడూ ఫోన్ చేయడు. చేసేది అత్త. ఆయన వెనక నుంచి ఒకటి రెండుసార్లు దగ్గి, తానూ ఉన్నానని తెలియజేస్తాడు. ఆ రోజు ఆయన గొంతు ఒక్కటే వినబడింది. "మీ అత్త పోయింది బిడ్డా. జల్ది రా," అన్నాడు. బోధన్ నుంచి నిజామాబాద్ ఎంత దూరమని, గంట కూడా పట్టదు. బస్సులో కూర్చున్నాక కూడా ఇంకా ఏదో అపాయం రాబోతున్నట్టే గుండె దడదడలాడింది. రావాల్సింది వచ్చేసిందని దానికి అర్థం కాలేదు.

మీలో ఎవరికీ మా మేనత్త తెలియదు. బీడీలు చుట్టి బతికిన మనిషి. పేపర్లో ఫొటో పడే పని ఏదీ చేయలేదు. ఆమె గురించి రాయాలని కూర్చుంటే నాకు ముందుగా గుర్తొస్తున్నది ఒక వీడియో గేమ్. నవ్వుకుంటే నవ్వుకోండి. నేనూ చాలా ఏళ్ళు నవ్వుతూనే చెప్పాను ఈ సంగతి, అందులో నా తప్పును మాత్రం దాచిపెట్టి.

మాది నిజాంసాగర్ కాలువ కింద చెరుకు పండే ఊరు. ఎనిమిదో తరగతికి బాపు నన్ను నిజామాబాద్‌లో అత్త ఇంట్లో దింపి వెళ్ళాడు. అత్తకు పిల్లలు లేరు. మామ దుబాయిలో ఉండేవాడు. మా దగ్గర ఎడారి దేశాలన్నిటికీ దుబాయి అనే పేరు, నిజంగా ఏ దేశమో అత్తకూ సరిగా తెలియదు. ఆమె గడప పక్కన గోడకు ఆనుకుని, ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన తడిబట్టలో తునికాకు పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టేది. ఒక్కసారి కూడా కిందికి చూసేది కాదు. చూపంతా వీధి మీదే. "చేతులకు కండ్లున్నయి బిడ్డా, నా కండ్లకు వేరే పనున్నది," అనేది. ఆ వేరే పని ఏమిటో నాకు తొందరలోనే తెలిసింది. దుబాయి నుంచి ఎవరు దిగినా, ఎవరి కబురొచ్చినా ఆ వీధిలోంచే రావాలి.

మాక్లూర్ ఆయన ఒకరు సెలవు మీద వస్తూ మామ పంపిన సంచి తెచ్చాడు. సబ్బులు, పాలపొడి డబ్బా, అత్తకు ఒక దుప్పటి, నాకు అరచేతిలో పట్టేంత ఆట పెట్టె. వేరే లోకం నుంచి దిగినవాళ్ళు మన పట్నాల మీద పడతారు, తుపాకీ పట్టుకుని వాళ్ళను ఆపుకుంటూ పోవాలి, అదీ ఆట. దాని ఛార్జర్ మన ప్లగ్గులో పట్టకపోతే కరెంటు పని చేసే అతనితో వైరు మార్పించుకున్నాం. చూసినవాళ్ళంతా "హీరో ఏడి?" అని అడిగేవాళ్ళు. ఎందుకంటే తెర మీద మనిషి కనబడడు, తుపాకీ పట్టుకున్న రెండు చేతులే కనబడతాయి. అత్త మాత్రం అడగలేదు. ఒక మధ్యాహ్నం నా భుజం మీదుగా చూసి, "చేతులున్నయి గద, ఇంకేం గావాలె?" అంది. రెండు రోజులకు తనే అడిగింది: "ఏదీ, ఒకసారి నాకియ్యి."

ఆ వేళ్ళకు ఆట ఎంతసేపు. వారం తిరక్కముందే నన్ను దాటిపోయింది. దిగివచ్చినవాళ్ళను చూసి ఆమె భయపడ్డది లేదు. "తునికాకుల పురుగు లెక్కనే ఉన్నయి, ఇసుమంటియి రోజూ దులుపుత," అనేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక అరగంట ఆడి, మళ్ళీ చాట ముందేసుకునేది. నా వస్తువు కాస్తా ఆమె వస్తువైంది. నేను మొహం మాడ్చుకుంటే "సదువుకో పో, పురుగులను నేను సూసుకుంట," అనేది.

ఇదంతా సరదాగా ఉన్న రోజుల మాట. తర్వాత మామ ఫోన్లు ఆగిపోయాయి. ప్రతి శుక్రవారం వీధి చివర కిరాణా కొట్టుకు ఆయన ఫోన్ వచ్చేది. అత్త చాట తీసుకుపోయి ఆ కొట్టు మెట్టు మీదే చుట్టుకుంటూ కూర్చునేది. ఒక శుక్రవారం రాలేదు. ఇంకో శుక్రవారం రాలేదు. కంపెనీ వదిలి బయటపడ్డాడని, కాగితాలు కంపెనీ దగ్గరే ఉన్నాయని ఎవరో చెప్పారు. అలాంటివాళ్ళను మా దగ్గర కల్లివెల్లి అంటారు, పోలీసులకు దొరక్కుండా దాక్కుని పనిచేసుకునేవాళ్ళు. అదే నెలలో వేల్పూర్ దిక్కు మనిషి ఒకరు దుబాయి నుంచి శవపెట్టెలో ఇంటికొచ్చాడు. ఆ మాట విన్న రోజు అత్త అన్నం కలిపి, ముద్ద నోటిదాకా తెచ్చి, మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది.

ఆటలో ఆమె ఆగిపోయిన చోటు ఒకటుంది. మొదటి నుంచీ మనతోపాటు ఒక సిపాయి నడుస్తుంటాడు. ఒక పొడుగాటి దారి చివర అతని కాలికి దెబ్బ తగిలి గోడకు జారగిలబడతాడు. ముందు ఇనుప తలుపు, వెనక గుంపులు గుంపులుగా శత్రువులు. అతను ఇంగ్లీషులో ఏదో అంటాడు. ఏమంటున్నాడని అత్త అడిగితే నాకొచ్చిన ఇంగ్లీషుతో చెప్పాను: "నన్ను వదిలెయ్, నువ్వు పో అంటుండు అత్తా." తలుపు దాటితేనే ఆట ముందుకు పోతుంది.

అత్త నా వైపు చూసింది. "గట్లనే అంటరు. పొమ్మంటే పోతరా?" అంది.

ఆమె పోలేదు. అతని ముందు నిలబడి వచ్చినదాన్ని వచ్చినట్టు కాల్చేది. గుళ్ళు అయిపోయేవి, తనూ పడిపోయేది. ఆట మళ్ళీ ఆ దారి మొదట్లో తెచ్చి నిలబెట్టేది. మళ్ళీ అదే. నెల రోజులు ఆ తలుపు దగ్గరే ఉంది మా అత్త. నేను ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఒక్క మనిషినైనా పట్టుకుని ఉన్నానన్న ధైర్యం ఆమెకు దొరికింది ఆ చోట మాత్రమే అని పదమూడేళ్ళ నాకు ఎలా తెలుస్తుంది? అవతల ఏముందో చూడాలన్న దురద నాది.

ఒక ఆదివారం ఆమె బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది. నేను తలుపు దాటాను. తలుపు వెనక దబ్బున పడింది. అవతలి నుంచి కొంచెంసేపు కాల్పులు వినబడ్డాయి, తర్వాత ఏమీ వినబడలేదు. ఇక్కడిదాకా ఆడిన ఆటను సేవ్ చేసి దాచుకోవాలా అని తెర అడిగింది. దాచుకోవడానికి ఉన్నది ఒకటే చోటు, కొత్తది దాస్తే పాతది చెరిగిపోతుంది. అలవాటు కొద్దీ బటన్ నొక్కేశాను. నొక్కాక గానీ ఏం చేశానో తెలియలేదు.

మొదటి నుంచి ఆడి, ఆమె చూసేలోపు ఆ సిపాయిని మళ్ళీ ఆ గోడ దగ్గరికి తేవాలి. తెద్దామనుకున్నాను. నా వల్ల కాలేదు, ఆటలో మూడో అంచె దగ్గరే చచ్చిపోతూ వచ్చాను. అత్త అడిగితే ఛార్జింగ్ లేదన్నాను, వైరు పాడైందన్నాను. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం ముడేసుకుంటూ ఐదు రోజులు గడిపాను. బడిలో పాఠం చెవికెక్కలేదు. ఆ తలుపు మూసినందుకే అక్కడ మామకు ఏదో అయిందని నాకు గట్టి నమ్మకం పట్టుకుంది. శుక్రవారం అత్త కొట్టు దగ్గరి నుంచి ఏ కబురూ లేకుండా వచ్చింది. ఆమె ముఖం చూడగానే నాకు ఏడుపు ఆగలేదు, మొత్తం చెప్పేశాను.

ఆమె కొట్టలేదు, తిట్టలేదు. పెట్టె చేతిలోకి తీసుకుని చూసింది. "తలుపవతల ఏమున్నది?" అని అడిగింది.

"ఏం లేదు అత్తా. ఇంకో గసుమంటి దారే."

"గా ఖాళీ జాగ కోసం ఇడిసిపెట్టి పోయినవా ఆనిని?" అంది. అంతే. ఆ మాట నాకు ఇప్పటికీ పచ్చిగానే ఉంది.

మర్నాడు కార్ఖానాలో ఆమె బీడీలు వెనక్కి వచ్చాయి. బాగాలేనివాటిని ఏరి పక్కన పడేస్తారు, ఛాట్ అంటారు. ఆమె చుట్టిన దాంట్లో ఛాట్ పోయిందంటే తోటి ఆడవాళ్ళు నమ్మలేదు. అత్త వాటిని కొంగులో వేసుకుని ఇంటికొచ్చి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పెట్టె తీసింది. "మొదటికెల్లి పోదాం. నువ్వు ఇంగ్లీషు సెప్పు," అంది. మధ్యాహ్నాలు కొన్ని పట్టాయి. ఆడుతూ ఆడుతూ, తెర మీది నుంచి చూపు తిప్పకుండానే, ఎవరికీ చెప్పని మాట చెప్పింది.

"ఆఖరి ఫోన్ల నేనే పొమ్మన్న బిడ్డా. గా కంపెనోడు తిండి సక్కగ పెడ్తలేడు, పైసలిస్తలేడంటే, ఇడిసిపెట్టి బయటికి పో అన్న. ఆయనకు పోబుద్ధి గాలే. నేనే పొమ్మన్న."

నేను ఆమె మోకాలికి నా మోకాలు ఆనించి కూర్చున్నాను. మళ్ళీ ఆ దారి వచ్చింది. సిపాయి మళ్ళీ గోడకు జారగిలబడ్డాడు. అత్త ఊపిరి వదిలింది. దాని వల్ల అద్భుతమేమీ జరగలేదు. ఆ శుక్రవారం కూడా ఫోన్ రాలేదు. ఇంకా నెలన్నర మేం ఇద్దరం వీధిలో కారు ఆగినా, కుక్క మొరిగినా ఉలిక్కిపడుతూ బతికాం.

ఒక మంగళవారం, ఎవరూ ఎదురుచూడని పూట, కొట్టు ఆయన పరుగెత్తుకొచ్చాడు. మామ పోలీసులకు దొరికి లోపలున్నాడు, మాఫీ ఇచ్చి ఇంటికి పంపుతున్నారు. వచ్చిన రోజు ఆయన చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి ఉంది, అంతే సామాను. అత్త ఆయన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టి, తిన్నంతసేపూ తిట్టింది. "ఫోన్ జెయ్య శాతగాదా? నోరు పడిపోయిందా?" ఆయన తలొంచుకుని తిన్నాడు. పొమ్మన్నది తనేనన్న మాట ఆయనతో ఎప్పుడూ ఎత్తలేదు, ఆయనా గుర్తు చేయలేదు. ఆట పెట్టె నా చేతిలో పెట్టి, "ఇగ నీ ఇష్టం. యే తలుపన్న దాటుకో," అంది. నేను దాటలేదు. కొన్నాళ్ళకు బ్యాటరీ ఉబ్బి అది పాడైపోయింది.

ఆ తర్వాత మామ ఎక్కడికీ పోలేదు. ఒక గోదాములో కాపలా పనిలో కుదిరాడు. అత్త కాలం గడిచేకొద్దీ ఇంకా భయస్తురాలైంది. ఎవరైనా గడప దాటితే వాళ్ళు చేరేదాకా ఫోన్లు చేసేది. నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారం రోజుకు మూడుసార్లు చేసి, బస్సు దొరికిందా, తిన్నానా, గది తలుపుకు గొళ్ళెం గట్టిగా ఉందా అని అడిగింది. విసుక్కుంటే, "భయపడెటోళ్ళు ఒక్కలన్న ఉండాలె బిడ్డా ఎన్కకెల్లి," అనేది. వీధిలో ఎవరు జబ్బు పడినా మంచం పక్కన చేరేది, తన చోట్లో ఇంకొకరు వచ్చి కూర్చుంటే తప్ప లేచేది కాదు. నాకు బిడ్డ పుట్టినప్పుడు ఆసుపత్రిలో మూడు రోజులు కుర్చీలోనే ఉంది. ఇప్పుడు నా వెనక నుంచి భయపడేది ఎవరు?

తంబాకు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఆఖరికి మంచాన పడింది. ఆసుపత్రిలో మామ ఆమె పక్కనుంచి కదల్లేదట. బుధవారం తెల్లవారాక ఆమెకు కొంచెం నయమనిపించింది. నేను వెళ్ళేసరికి మామ ఆసుపత్రి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నా చెయ్యి పట్టుకుని చెప్పాడు: "పో, చాయ తాగి రా పో అన్నది. నేను వద్దన్న. పొమ్మన్నది. పోయిన. గిలాస సేతికి రాకముందే పిలుపొచ్చింది. పొమ్మంటే పోతరా బిడ్డా ఎవలన్న?" ఆటలో ఆ తలుపు దగ్గర అత్త అన్న మాట ఆయనకు ఆమె చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆయన పక్కన నేల మీద కూర్చుండిపోయాను.

మా దగ్గర శవాన్ని తీసుకుపోతూ దారి మధ్యలో ఒకచోట పాడెను కిందికి దించుతారు. దింపుడు కల్లం అంటారు. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే వింటుందేమోనని చెవి దగ్గర వంగి మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. పలకరని అందరికీ తెలుసు. పిలవకుండా మాత్రం ఎవరూ ముందుకు పోరు. పిల్లలు లేరు కాబట్టి మామే పిలిచాడు. మూడుసార్లూ అయ్యాయి. మోసేవాళ్ళు వంగి కర్రలు పట్టుకున్నారు. మామ పాడె మీద చెయ్యి వేసి, "జర ఆగుండ్రి," అన్నాడు. దుమ్ములో ఆమె పక్కనే కూర్చున్నాడు. కులపెద్ద దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు: "పొద్దు పోతుందే, లేవు. ఇగ పోవాలె." మామ తల ఊపాడు కానీ కదల్లేదు. మోసేవాళ్ళు కర్రలు వదిలి నిలబడ్డారు. మార్కెట్ యార్డుకు పసుపు బస్తాలతో పోయే ట్రాక్టర్ ఒకటి మా వెనక వచ్చి ఆగింది. డ్రైవర్ హారన్ కొట్టలేదు. ఇంజన్ ఆపేసి కిందికి దిగి, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. అందరం అలాగే నిలబడ్డాం. మామ ఇంకా లేవలేదు.