మేనత్త ‘స’ పట్టుకోమంది

నేను ఏడో తరగతిలో బడి మానేసిన రోజు మా లెక్కల సారు క్లాసంతా చాక్లెట్లు పంచారు. ఆయనకు ప్రమోషన్ వచ్చిందని ఇంట్లో చెప్పుకున్నాను. అలాంటి నేను మొన్న గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర నేను నడిపే క్యాబ్ ఆపితే, వెనక సీట్లోని సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఫోన్లో పాట నడుమ శ్రుతి మారింది. ఆ అమ్మాయి గమనించలేదు. నాకు మాత్రం మా మేనత్త గుర్తొచ్చి, వెనక హారన్లు మోగేదాకా బండి కదల్లేదు.

గోపన్‌పల్లిలో ఆమె భజన బృందానికి పదిహేనేళ్లు కీబోర్డు వాయించాను. వాయించానంటే, నా వేళ్లకు వచ్చింది ఒక్క శ్రుతి మెట్లే. పాడేవాళ్ల గొంతు ఎక్కువైనా తక్కువైనా కీబోర్డు పెట్టె మీద ఒక బటన్ ఉంటుంది. అది నొక్కినకొద్దీ, నేను అవే మెట్లు వాయిస్తున్నా శ్రుతి ఒక్కో మెట్టు మారిపోతుంది. దాన్నే విద్య అనుకున్నాను.

ఇంతలో అత్తకు గొంతులో గడ్డ తీశారు. మాట మిగిలింది కానీ గొంతు బాగా కిందికి దిగింది. ఏడాది పాటు పాట ఎత్తలేదు. వినాయక చవితికి మణికొండ అపార్ట్‌మెంట్ వాళ్లు పిలిస్తే మాత్రం “పాడత” అంది. మొదటి చరణం ఆమె కింది శ్రుతిలో, రెండోది బృందంలోని ఆడవాళ్లంతా పై శ్రుతిలో అని అనుకున్నాం.

సెల్లార్లో రిహార్సల్. ఆమె చరణం అయీ కాకముందే బటన్ ఐదుసార్లు టకటకా నొక్కేశాను. పెట్టె శ్రుతి ఒక్కసారిగా పైకి ఎగిరింది. అత్త గొంతు ఒంటరిగా మిగిలిపోయింది. ఠక్కున ఆగి, మెడ మీది కుట్ల మచ్చను చేత్తో పట్టుకుంది. ముఖం పాలిపోయింది.

“మళ్ల పోయిందారా నా గొంతు?”

“గొంతు కాదత్తా... బటన్ నొక్కిన” అన్నాను.

నెత్తిన ఒక్కటిచ్చింది. “గది ముట్టకు. నా ‘స’ పట్టుకో, ఇడువకు. గదే వాళ్ల శ్రుతిల ‘ప’ అయితది. దాని మీద జర నిలవడు, వాళ్లే ఎక్కుతరు.”

ఆమె జన్మలో కీబోర్డు తాకిన మనిషి కాదు! ఆమె సరిగమల్లోని ‘స’ మెట్టు నొక్కి పట్టి చూశాను. నిజంగానే అదే మెట్టు వాళ్ల ‘ప’. తెరిచిన నోరు మూసుకోవడం మరిచిపోయాను. రెండు శ్రుతుల మెట్లూ వేళ్లకు ఎక్కడానికి మూడు రోజులు పట్టింది.

మండపంలో అత్త పాడింది. ఆమె ‘స’ మీద ఆగాను, ఆడవాళ్లు అందుకున్నారు. అత్త చెయ్యి మెడ దాకా పోలేదు.

ప్రసాదం దగ్గర గొప్పగా, “చూసినవా అత్తా, మూడు రోజుల్లనే నేర్చుకున్న!” అన్నాను.

“నేర్సుడు మూడు రోజులేరా,” అంది పులిహోర కలుపుకుంటూ. “బటన్ మీదికెళ్లి వేలు తీసుడుకే నీకు పదిహేనేండ్లు వట్టింది.”