బిల్డ్ ఆగిన పూట

ఆ పొద్దున మెయిల్ తెరిచేసరికి అన్నిటికంటే పైన నా పేరు, దాని పక్కనే ఎర్రర్ అన్న మాట కనిపించాయి. కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడే చదివాను. చదివాక కూర్చోబుద్ధి కాలేదు. మధ్యాహ్నం బెంగళూరు కంపెనీతో ఫోన్లో ఇంటర్వ్యూ ఉంది. వాళ్ళు నన్ను పిలిచిందే ఆ ఎర్రర్ వచ్చిన పనిని చూసి.

కొంచెం వెనకనుంచి చెప్పాలి. మేం పుదుచ్చేరిలో, సారం అనే పేటలో ఉంటాం. మా నాయన గవర్నమెంటు బస్సు డ్రైవరు. అమ్మ ఒక ప్రభుత్వ ఆఫీసులో అటెండరు. తాతల కాలం నుంచీ ఈ ఊళ్ళోనే ఉన్నా ఇంట్లో మాట్లాడేది తెలుగే, సగం అరవం కలిసిన తెలుగు. నేను చెన్నైలో ఫోన్ల సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగంలో ఉండగా నాయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట ముద్దగా అయింది. అమ్మకి ఇంకా సర్వీసు మిగిలి ఉంది. అన్నదమ్ములు ఎవరూ లేరు. నేనే ఉద్యోగం మానేసి వచ్చాను.

నాయన నిదానంగా లేచి, కర్ర సాయంతో వసారాలో ఆ చివర నుంచి ఈ చివరకి నడవడం మొదలుపెట్టాక, నాకూ చేతులు ఊరుకోలేదు. పాత లాప్‌టాప్ తెరిచి కెర్నెల్ కోడ్ చదవడం మొదలుపెట్టాను. కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికంటే అడుగున ఉండే భాగం. స్క్రీనుతో, కీబోర్డుతో, డిస్కుతో మాట్లాడేది అదే. నేను చదివిన కెర్నెల్ కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరికైనా తప్పు కనిపిస్తే సరిచేసి పంపొచ్చు. పాత ఉద్యోగంలో టచ్ స్క్రీన్ల మీద పనిచేశాను కాబట్టి ఆ వైపే చదివాను. ఒకచోట, స్క్రీను మొదలవ్వబోయి మధ్యలో ఆగిపోతే, అప్పటికే తీసుకున్న మెమరీ తిరిగి ఇవ్వకుండా వదిలేస్తున్నట్టు కనిపించింది. సరిచేసి పంపాను. ఆ భాగాన్ని చూసుకునే పెద్దమనిషి ఏ దేశంలో ఉంటాడో కూడా నాకు తెలీదు. చాలా రోజులు జవాబు లేదు. తర్వాత ఒక్క ముక్క వచ్చింది, తీసుకున్నాను అని. ఆ సాయంత్రం నాయన్ని కూర్చోబెట్టి ఆ ఒక్క ముక్కా నాలుగైదు సార్లు చదివి వినిపించాను.

అలా తీసుకున్న ప్రతి మార్పునీ ఒక రోబో కంపైల్ చేసి, అంటే రాసిన కోడ్ మెషిన్ మీద నడిచే ప్రోగ్రాముగా మారుతుందో లేదో, చూస్తుంది. రోబో అంటే చేతులూ కాళ్ళూ ఉన్న బొమ్మ కాదు, ఎక్కడో వరసగా పెట్టిన మెషిన్ల మీద తనంతట తాను నడిచే ప్రోగ్రాము. ఒక్కొక్క రకం ప్రాసెసర్‌కీ విడిగా, ఆప్షన్లు కొన్ని పెట్టీ కొన్ని తీసేసీ, మొత్తం కెర్నెల్‌ని ఇలా మారుస్తూనే, అంటే బిల్డ్ చేస్తూనే ఉంటుంది. ఎక్కడన్నా ఆగితే, దానికి కారణమైన మనిషికి మెయిల్ పంపుతుంది. నాకొచ్చింది ఆ మెయిలే.

తప్పు చిన్నదే. నేను వాడిన ఒక ఫంక్షన్ ఏ హెడర్ ఫైల్లో ఉందో, ఆ ఫైలు పేరు నా కోడ్ పైన రాయాలి. నేను రాయలేదు. నా లాప్‌టాప్‌లో ఉన్న ప్రాసెసర్‌కి బిల్డ్ చేసినప్పుడు అది వేరే ఇంకో ఫైలు వెంట వచ్చేసింది కాబట్టి నాకు తెలియలేదు. నేను కంటితో కూడా చూడని ఇంకో ప్రాసెసర్‌కి అది రాలేదు, అక్కడ బిల్డ్ ఆగిపోయింది. ఒక్క లైను రాస్తే సరిపోతుంది. కానీ రోబో మెయిల్ కిందే ఆ పెద్దమనిషి జవాబు కూడా ఉంది. ఈరోజే నా దగ్గరున్న మార్పులన్నీ పైకి, అసలు కెర్నెల్లోకి, పంపుతున్నాను, ఆలోపు సరిచేయకపోతే నీది తీసేస్తాను అన్నాడు.

వెంటనే పంపేయొచ్చు. భయమేసింది. ఆ లైను సరిచేశాక ఇంకొకటి బయటపడితే? ఆ ప్రాసెసర్‌కి బిల్డ్ చేసే కంపైలర్ దించుకుని, నా దగ్గరే ఒకసారి చూసుకుని పంపాలనుకున్నాను. ముసలి లాప్‌టాప్ అది. బిల్డ్ మొదలుపెట్టగానే ఫ్యాను గోలగోలగా తిరిగింది. అక్షరాలు స్క్రీను మీద పైకి పోతూ ఉన్నాయి. నేను వంటింట్లోకి పోతాను, వచ్చి చూస్తాను, వీధి వాకిట్లోకి పోతాను, వచ్చి చూస్తాను. ఇంటర్వ్యూలో ఈ సంగతి అడిగితే ఏం చెప్పాలో ఒక రకంగా అనుకుంటాను, మళ్ళీ ఇంకో రకంగా అనుకుంటాను.

వసారాలో నాయన కర్ర చప్పుడు వినిపిస్తూనే ఉంది. కొన్నాళ్ళుగా తేంగాయితిట్టు పోదామని అడుగుతున్నాడు. ఆయన బస్సులో ఏళ్ళ తరబడి కండక్టరుగా చేసిన స్నేహితుడు, రిటైరయ్యాక అక్కడ హార్బరు నుంచి చేపల వ్యాన్లు నడుపుతున్నాడు. ఆయన్ని చూడాలని. ఆ పొద్దున కూడా అడిగాడు. ఇంటర్వ్యూ అయ్యాక చూద్దాం నాయనా అన్నాను, స్క్రీను మీంచి తల తిప్పకుండానే.

ఎంతసేపటికో కర్ర చప్పుడు ఆగిందని గమనించాను. పడుకున్నాడేమో అనుకున్నాను. మంచం ఖాళీగా ఉంది. చెప్పులు లేవు. గేటు తీసి ఉంది.

లాప్‌టాప్ అలాగే వదిలేసి పరిగెత్తాను. స్ట్రోక్ వచ్చాక ఆయన ఒక్కడే గేటు దాటింది లేదు. సందు చివర ఇస్త్రీ బండి అక్క, మీ నాయన ఆటో ఎక్కి పోయాడు, నువ్వే పిలిపించావనుకున్నా అంది. ఎటు పోయాడంటే తెలీదంది. నాకు మాత్రం తెలుసు. నేనూ ఇంకో ఆటో ఎక్కి తేంగాయితిట్టు పోనివ్వమన్నాను. సిగ్నల్ దగ్గర ఆగితే నా కాలు ఊరికే ఆడుతోంది. మాట స్పష్టంగా రాని మనిషి, దిగాల్సిన చోటు ఎలా చెబుతాడు? దిగేటప్పుడు పడితే?

అప్పుడే ఫోన్ మోగింది. బెంగళూరు. ఎత్తాను. అవతల ఒకావిడ. చుట్టూ హారన్లు. అబద్ధం వెతుక్కునే ఓపిక నాకు లేకపోయింది. మా నాన్న చెప్పకుండా ఇంట్లోంచి వెళ్ళిపోయాడు, ఆరోగ్యం బాగాలేని మనిషి, ఆటోలో వెతుక్కుంటూ పోతున్నానని చెప్పాను. ఆవిడ ముందు ఆయన్ని చూసుకోమని, సాయంత్రం తనకి ఫోన్ చేయమని చెప్పి పెట్టేసింది. మర్యాదకి అందో, నిజంగానే అందో తేల్చుకోలేకపోయాను.

హార్బరులో వేలం అయిపోయినట్టుంది. ఐసు కరిగిన నీళ్ళు, వ్యాన్లు, గంపలు మోసుకుపోతున్న ఆడవాళ్ళు. వాళ్ళ మధ్యనుంచి చూసుకుంటూ పోతే, ఒక వ్యాను నీడలో బోర్లించిన ప్లాస్టిక్ పెట్టె మీద నాయన కూర్చుని ఉన్నాడు. పక్కన ఆ కండక్టరు మామ. నాయన ఎడమచేత్తో టీ తాగుతున్నాడు. పంచె అంచు తడిసి ఉంది.

గట్టిగా అరుద్దామనే వచ్చాను. దగ్గరికొచ్చి ఎదురుగా నిలబడ్డానంతే. నన్ను చూసి ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"ఇంట్లోనే సుమ్మా ఊరికే ఎంతసేపని తిరిగేది పాపా," అన్నాడు. ఒక్కొక్క మాటా పట్టి పట్టి వచ్చింది. "నువ్వూ పొద్దన్నించీ అట్లే తిరగతా ఉండావు గదా."

"చెప్పి రావచ్చు గదా నాయనా."

"చెప్తే నువ్వు యాడ పంపిస్తావు?"

ఆటోవాడికి దారి ఎలా చెప్పావని అడిగితే, ఎడం చెయ్యి చాచి, బస్సు మలుపు తిప్పినట్టు తిప్పి చూపించాడు. మామ నవ్వాడు. మీ నాయన్ని పొద్దుగూకేలోపు నా వ్యానులో నేనే దింపుతాను, నువ్వు పోయి నీ పని చూసుకో అన్నాడు. వదిలి పోవడానికి కాళ్ళు రాలేదు. వరసలో చివరి వ్యాను దాకా పోయి, వెనక్కి చూసి, మళ్ళీ పోయాను.

ఇంటికి వచ్చేసరికి కరెంటు లేదు. లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో అయిపోయి ఆరిపోయింది. బిల్డ్ ఎంతవరకు వచ్చి ఆగిందో తెలీదు. కరెంటు వచ్చేదాకా గుమ్మంలో కూర్చున్నాను, కూర్చున్నాననడం కూడా తప్పు, లేస్తూ కూర్చుంటూ ఉన్నాను. వచ్చాక మళ్ళీ నడిపించాను. స్క్రీను వైపు ఒక కన్ను, వీధిలో వచ్చే ప్రతి బండి మీద ఒక చెవి. సాయంత్రం అవుతుండగా ఏ ఎర్రరూ లేకుండా ముగిసింది. సరిచేసిన లైను పంపాను. తప్పు ఎవరు చూపించారో కింద రాయడం అక్కడి ఆనవాయితీ. అక్కడ మనిషి పేరు రాసే చోట రోబో చిరునామా రాశాను.

తర్వాత బెంగళూరుకి ఫోన్ చేశాను. నాన్న దొరికాడా అనే ముందు అడిగింది ఆవిడ. దొరికాడన్నాను. ఆవిడ నా మార్పు సంగతి ఎత్తగానే, ఈరోజు పొద్దున అది ఒక ప్రాసెసర్‌లో బిల్డ్ కాలేదని, ఎందుకు కాలేదో, ఏం చేశానో చెప్పాను. ఆవిడ విని, ఆ మెయిల్ తను పొద్దునే చూశానంది. ఆ మెయిళ్ళు ఎవరైనా చదవగలిగేవే, ఆ సంగతి నాకు తట్టనే లేదు. మధ్యాహ్నం అదే అడుగుదామనుకున్నానంది. తర్వాత చాలాసేపు టచ్ స్క్రీన్ల గురించే మాట్లాడుకున్నాం. మాట్లాడుతుండగా వీధిలో వ్యాను ఆగింది. నాయన దిగడం కిటికీలోంచి కనిపించింది. ఆవిడ అడుగుతున్న ప్రశ్న సగం వినిపించలేదు, మళ్ళీ అడగమన్నాను.

ఆ పెద్దమనిషి నా మార్పు తీసేయలేదు. ఒక లైను చేర్చి పైకి పంపించాడు. మర్నాడు రోబో ఇంకో మెయిల్ పంపింది, అన్ని బిల్డ్‌లూ అయ్యాయని. కంపెనీ వాళ్ళు ఇంకోసారి మాట్లాడి, ఇంటినుంచే పనిచేసేలా ఉద్యోగం ఇచ్చారు. వాళ్ళ రోబోల దగ్గర ఆగిన బిల్డ్‌లు చూసి, ఎందుకు ఆగాయో కనిపెట్టడమే నా పని. అమ్మ ఆఫీసులో ఎవరైనా అడిగితే, మా పాప కంప్యూటర్ రిపేరు చేస్తుంది అని చెబుతుంది. నేను దిద్దను.

నాయన ఇప్పుడు చెప్పే పోతాడు. ఫోన్లో నంబరు నొక్కడం ఎడమచేత్తో నేర్చుకున్నాడు. హార్బరు చేరగానే ఒక రింగు ఇచ్చి పెట్టేయాలని ఒప్పందం. ఈరోజూ పోయాడు. ఇది రాస్తున్నంతసేపూ ఫోన్ పక్కనే పెట్టుకున్నాను. ఇంకా మోగలేదు. దారిలో లారీలు ఎక్కువుంటాయి ఈ వేళకి. ఒకసారి గేటు దాకా పోయి వస్తాను.