అత్తిబెలె ఇంటి గేటు

మొన్న మా బ్రూక్‌ఫీల్డ్ అపార్ట్‌మెంటు అసోసియేషన్ నుంచి ఒక కాగితం వచ్చింది. ప్రార్థన పేరుతోనో సేవ పేరుతోనో వచ్చే బయటివాళ్ళను ఇకమీదట గేటు దాటనివ్వకూడదని తీర్మానమట, ఇంటికొక సంతకం కావాలట. సెక్రటరీగారు పాపం పెన్ను మూత కూడా తీసి ఇచ్చారు. నేను మూత పెట్టి ఆయన చేతికే ఇచ్చేశాను. ఎందుకమ్మా అంటే అప్పటికప్పుడు చెప్పలేకపోయాను. చెప్పాలంటే అత్తిబెలెలో నేను చేసిన ఒక పాడుపని దగ్గర మొదలుపెట్టాలి.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఎలక్ట్రానిక్ సిటీ అంటే అప్పట్లో నాలుగు కంపెనీలూ, వాటి చుట్టూ రాగి చేలూను. అక్కడ సర్క్యూట్ బోర్డులకు టంకం పెట్టే పనిలో చేరి, దగ్గర్లోని అత్తిబెలెలో ఒక పెంకుటింటి వెనక వాటాలో దిగాను. ముందు వాటాలో ఇంటివాళ్ళు, తాతా అవ్వా ఉండేవారు. పిల్లల్లేరు. తరాల కిందట వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు; ఆ ఇంట్లో తిట్లు కన్నడంలోనూ మొక్కులు తెలుగులోనూ సాగేవి. తాత పట్టుగూళ్ళ వ్యాపారం చేసిన మనిషి, గూడును చెవి దగ్గర ఆడించి లోపలి పురుగు సంగతి చెప్పేసేవాడట. నేను చేరిన ఏడాదికే ఆయనకు పక్షవాతం వచ్చింది. అవ్వ చేతులకేమో అప్పటికే వణుకు.

మాట పూర్తిగా పడిపోకముందు తాత అవ్వను ఒక్కటే కోరాడు. చివరి ఘడియలో తులసితీర్థం ఆమె చేతి మీదుగానే తన నోట్లో పడాలి, నారాయణ నామం ఆమె గొంతుతోనే తన చెవిన పడాలి. ఆ మాటకు కాపలా నేనేనని ఎవరూ అడక్కుండానే నిర్ణయించుకున్నాను.

రోజూ ఎండ ఎక్కకముందే ఇద్దరు మిషను సిస్టరమ్మలు వచ్చేవారు. పెద్దావిడది కేరళ వైపు, చిన్నామెది కోలారు వైపు. తాతను పక్కకు ఒత్తిగిల్లజేసి, మంచం ఒరిపిడికి నడుం దగ్గర పడ్డ పుండు కడిగి, మందు వేసి, దుప్పటి మార్చి వెళ్ళేవారు. వాళ్ళ సంచిలో ఒక నల్లట్ట పుస్తకం ఉండేది, నా కళ్ళు ఎప్పుడూ దాని మీదే. ఒకరోజు పెద్ద సిస్టరమ్మ తాత నుదుటి మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతుంటే చూశాను. నాకు ఒళ్ళు మండింది. మర్నాడు వాళ్ళు రాకముందే గేటు దగ్గర నిలబడి, తాతా అవ్వా కుప్పంలో చుట్టాలింటికి వెళ్ళారని చెప్పి, గొళ్ళెం లేని ఆ గేటుకు తీగ మెలితిప్పి బిగించాను. మంచాన పడ్డ మనిషిని బస్సెక్కించానని చెప్పానన్నమాట, అబద్ధమాడటం కూడా సరిగ్గా చేతకాని వయసు. దండెం మీద అప్పుడే ఆరేసిన తాత పంచెను వాళ్ళిద్దరూ చూశారు. సంచి సర్దుకుని వెనక్కి మళ్ళారు.

మూడు రోజులు అవ్వ గడపలోనే కూర్చుంది. వాళ్ళకేమన్నా ఒంట్లో బాగలేకుండాదేమో చూసి రామ్మా అని నన్ను బతిమాలేది, నేను పనికి వేళయిందని తప్పించుకునేదాన్ని. ఆమె ఒక్కతే తాతను పక్కకు తిప్పబోయి తిప్పలేక, దుప్పటి పట్టి లాగేసరికి పుండు మీద చర్మం లేచిపోయింది. నాలుగో రోజు పొద్దున వెనక వాటాలోకి కూడా వాసన వచ్చింది.

నేను మొండిదాన్ని, పిరికిదాన్ని మాత్రం కాదు. నేరుగా వాళ్ళ మిషను ఇంటికి నడిచి వెళ్ళి, అబద్ధం చెప్పింది నేనేనని నిలబడి ఒప్పుకున్నాను. పెద్ద సిస్టరమ్మ సంచిలో దూది సర్దుకుంటూ ఒక్కటే అడిగింది.

“పుండు ఎంతైంది?”

ఆవిడ నాతో ఇంటికి రాగానే, ఇన్నాళ్ళూ రాలేదేమని అవ్వ నిష్ఠూరమాడితే, మాకే కుదరలేదవ్వా అందావిడ. అబద్ధం ఆడకూడని మనిషి నా కోసం ఆడింది. ఆ రోజు నుంచీ తాతను తిప్పడం, పుండు కడగడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. చెడగొట్టడంలో చూపించిన పట్టుదలంతా బాగుచేయడంలో పెట్టాను. రెండు నెలలకు పుండు మానింది, తాత మాత్రం రోజురోజుకూ తగ్గిపోయాడు.

ఆయన పోయింది ఒక ఆదివారం మధ్యాహ్నం. నేను తులసినీళ్ళ గిన్నె పట్టుకున్నాను. అవ్వ చెంచా ఎత్తింది, వణుకుకు నీళ్ళన్నీ తాత గడ్డం మీదే ఒలికిపోయాయి, రెండోసారీ అంతే. నేను పోస్తానని చెయ్యి చాచాను. పొద్దున వచ్చి మంచం దగ్గరే ఉండిపోయిన పెద్ద సిస్టరమ్మ నన్ను ఆపి, అవ్వ మణికట్టును తన చేత్తో గట్టిగా పట్టి, చెంచాను తాత పెదవుల దాకా నడిపించింది.

“పేరు మీరే చెప్పండవ్వా. ఆయన మీ గొంతు గుర్తుపడతారు.”

అవ్వ చెప్పింది. తాత మింగాడు.

మరుసటి ఏడు అవ్వ కూడా వెళ్ళిపోయింది. ఆ ముందురోజంతా చిన్న సిస్టరమ్మ చేత పాటలు పాడించుకుని విన్నది; తీర్థం నేను పోశాను. ఆ మూడు రోజుల సంగతి మాత్రం ఆమెకు చివరిదాకా చెప్పలేకపోయాను.

ఇప్పుడు మా గేటుకు కెమెరాలున్నాయి, ఫోనుకు వచ్చిన అంకె చెబితే గానీ అడ్డుకర్ర లేవదు. మా కింది అంతస్తులో ఒకాయన ఆర్నెల్లు మంచాన ఉన్నాడని ఆయన పోయాకే నాకు తెలిసింది. చూడటానికి ఎవరూ రాలేదట, నేనూ వెళ్ళలేదు. సెక్రటరీగారు రేపు మళ్ళీ వస్తానన్నారు, రానివ్వండి. ఒకసారి గేటు బిగించి చూసినదాన్ని నేను, ఆ నాలుగో రోజు వాసన ఇంకా నా ముక్కును వదల్లేదు, సంతకం పెట్టనని చెబుతాను.