నాగమణి రక్తపరీక్ష

ఇన్నేళ్లుగా లోపల మోస్తున్న మాట ఒకటి ఉంది. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

నాగమణి నా తోడికోడలు, మా మరిది భార్య. రెండువేల అయిదు ప్రాంతంలో పొదిలి దగ్గర మా ఊరికి కాపురానికి వచ్చింది. ఏడాది తిరక్కుండానే ఆయాసం మొదలైంది. బిందె ఎత్తలేకపోయేది. మిరప చేలో కాసేపు కోసి గట్టు మీద కూలబడేది. మిరప ఘాటుకేమో అనుకున్నారంతా. నేను మాత్రం నటిస్తోందనుకున్నాను. ఆమె వదిలేసిన సాలు కూడా నేనే కోయాల్సి వచ్చేది మరి.

ఒంగోలులో డాక్టరుగారు రక్తం తీయించి హైదరాబాదు పంపారు. ఫలితం కనుక్కోవడానికి నేనొక్కదాన్నే వెళ్లాను. బస్సు ప్రయాణం తనవల్ల కాలేదు, మా మరిదికి కోతల పనుల్లో తీరలేదు.

"గుండె మీద బాగా భారం పడుతోందమ్మా, రక్తంలో తెలుస్తోంది," అన్నారాయన. "ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగిందేమోనని నా అనుమానం. ఈ పరీక్ష ఒక్కదాంతో తేల్చలేం. గుండెకి స్కానింగు చేయాలి, వెంటనే తీసుకురండి. అప్పటిదాకా బరువు పనులు వద్దు. గర్భం అసలే రాకూడదు."

తిరుగు బస్సులో ఏం ఆలోచించాను? ఆమె ప్రాణం గురించి కాదు. కోతలు ముమ్మరంగా ఉన్నాయి, ఇక ఈవిడ మంచం దిగదు, చేనూ ఇల్లూ రెండూ నా నెత్తినే పడతాయి అని.

వాకిట్లోనే ఎదురొచ్చింది. "ఏమన్నారక్కా?"

"రక్తం బాగానే ఉందంట. ఉత్త నీరసమే. తిని తిరుగు, అదే పోద్ది."

"హమ్మయ్య! నువ్వు చెప్పావుగా, ఇంక భయం లేదులే అక్కా," అంది. మర్నాడు నాతోపాటే చేలోకి వచ్చింది.

కోతలయ్యాక చెబుదామనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఇప్పుడు తెలియడం లేదు. కోతలయ్యేసరికి ఆమె నెల తప్పింది. ఇన్నాళ్లూ ఎందుకు దాచావని అడుగుతారని నోరు మూసుకున్నాను. కాళ్లు వాచి, పడుకుంటే ఊపిరాడక, నెలలు నిండకుండానే, ఒంగోలు తీసుకెళ్తుంటే దారిలో పోయింది. బిడ్డా దక్కలేదు.

దినం నాడు మా మరిది వచ్చినవాళ్లతో అన్నాడు: "మా వదిన సొంత చెల్లెల్లా చూసుకుందండీ. రక్తపరీక్ష కూడా దగ్గరుండి చేయించింది. మా రాతే బాలేదు."

నేను తలొంచుకుని ఏడ్చాను. ఆ ఏడుపులో కూడా, డాక్టరుగారు చెప్పింది ఎవరి చెవినైనా పడుతుందేమోనన్న భయమే ఎక్కువ.

అతను మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఏ కష్టమొచ్చినా నా దగ్గరికే వచ్చి కూర్చుంటాడు. అన్నం పెడతాను. చెప్పను.

చంపింది జబ్బేనని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. వైద్యం చేయిస్తే బతికేదో లేదో నాకు తెలియదు. బతికే అవకాశాన్ని దాచింది మాత్రం నేనే. ఇన్నేళ్లకి ఈ మాట ఒక్కసారైనా పైకి అన్నాను.