చిటికెన వేలు

మా చెల్లెలికి పద్దెనిమిదేళ్లు నిండుతున్నాయని బడి నుంచి కబురు వచ్చింది. వయసుతో పాటు బుద్ధి ఎదగని పిల్లల కోసం మెట్‌పల్లిలో నడిచే బడి అది. ఇక అక్కడ ఉంచుకోరట. తర్వాత ఏం చేయిస్తారో మాట్లాడుకుందాం రమ్మన్నారు. నేను కరీంనగర్‌లో ఉద్యోగానికి సెలవు పెట్టి వెళ్లాను. అవ్వ, అంటే మా అమ్మ, బీడీలు చుట్టే చాట పక్కకు నెట్టి, మంచి చీర కట్టుకుని వచ్చింది.

"బట్టలు మడత పెట్టుడు మస్తు నేర్చుకుంది. చెప్పినమాట దాటది. అడగకుంట కుర్చీలకెల్లి కూడ లేవదు" అంది టీచరమ్మ. అవ్వ ముఖం వెలిగిపోయింది. నాకూ గర్వంగానే ఉంది. చెల్లెలు నీళ్లు తాగాలన్నా అడుగుతుంది. ఒంటికి వెళ్లాలంటే చిటికెన వేలు చూపించి, "పో బిడ్డా" అనేదాకా ఆగుతుంది. బడిలో నేర్పిందే ఇంట్లో అవ్వా పాటించింది. ఎంత బుద్ధిమంతురాలో అని చుట్టాలంతా మెచ్చుకునేవాళ్లు.

ఆ బుద్ధిమంతురాలిని తెలిసినావిడ బట్టల దుకాణంలో కుదిర్చాం. గిరాకీలు విప్పి పడేసిన చీరలను మళ్లీ మడత పెట్టడం పని. సాయంత్రం ఇంటికొచ్చి "శాన చీరలు అక్కా, శాన!" అని ఫోన్‌లో చెబుతుంటే, బతుకు ఒడ్డున పడిందనే అనుకున్నాను.

పెళ్లిళ్ల రోజుల్లో, దుకాణం కిక్కిరిసి ఉన్నప్పుడు, చెల్లెలు లేచి నిలబడి వేలు ఎత్తిందట. ఎవరూ పట్టించుకోలేదు. ఒకావిడ చూసి నవ్విందట. మరుగుదొడ్డికి వెళ్లే వెనక తలుపు తెరిచే ఉంది. చెల్లెలు మాత్రం వేలు దించకుండా నిలబడి, నిలబడిన చోటే తడిసిపోయింది.

దుకాణం ఆవిడే ఆటోలో దింపి వెళ్లింది. "పిల్ల బంగారం అక్కా. గానీ గిరాకీ మీద నేను దీన్నెట్ల చూసుకోవాలె?" అని అవ్వ చేతులు పట్టుకుంది. ఆవిడను ఏమనగలం? నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లూ ఊళ్లో అందరూ మెచ్చుకున్నది దీన్నేనా!

అప్పటి నుంచి ఇంటికి వెళ్లినప్పుడల్లా నేర్పిందంతా మరిపించడమే నా పని. "అడగొద్దే చెల్లె. లేచి పో, అంతే" అంటాను. "సరే అక్కా" అని బుద్ధిగా తలూపి, అవ్వ వైపు తిరిగి "పోనా?" అని అడుగుతుంది. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. వేరే పని దొరకలేదు. ఇంట్లోనే ఉండిపోయింది.

ఈ వానాకాలం కడుపులో రాళ్లని అవ్వకు కరీంనగర్‌లో ఆపరేషన్ చేశారు. అవ్వకు తోడుగా చిన్నమ్మ ఆసుపత్రిలో ఉంది, చెల్లెలి దగ్గర నేను ఇంట్లో ఉన్నాను. పొద్దున లేచి చూస్తే చెల్లెలు అవ్వ ఖాళీ మంచం ముందు వేలు ఎత్తి నిలబడి ఉంది. "పో చెల్లె" అన్నాను. కదలలేదు. బతిమాలాను, అరిచాను, చేయి పట్టి లాగాను. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా మంచం వైపే చూస్తోంది. ఏం చేయాలో తోచక చిన్నమ్మకు ఫోన్ చేసి, సంగతి చెప్పి, స్పీకర్ పెట్టాను. అవతల నుంచి నీరసంగా అవ్వ గొంతు వచ్చింది.

"పో బిడ్డా."

వేలు దించి పరుగెత్తింది.

అవ్వ ఫోన్ పెట్టేయలేదు. "నేను లేకుంటే దీనికెట్లనే?" అంది. "ఊకో అవ్వా" అన్నాను.

అవ్వ ఇంటికొచ్చి కాస్త కోలుకున్నాక, ఒక మధ్యాహ్నం నా ఫోన్ ఆమె నోటి దగ్గర పెట్టి ఆ మాట చెప్పమన్నాను, రికార్డు చేసుకుంటానని. ఎందుకని అడగలేదు. గొంతు సవరించుకుని "పో బిడ్డా" అంది. నేను ఆపబోతుంటే చేయి అడ్డం పెట్టింది.

"అదొక్కటే సరిపోతదా? ఉండు" అని తనే అందుకుంది. "నీళ్లు తాగు బిడ్డా. బువ్వ తిను బిడ్డా. తానం చెయ్యి బిడ్డా."

తర్వాత ఏం చేయిస్తారని బడిలో అడిగినదానికి మా దగ్గరున్న జవాబు ఇదే. తల వంచుకుని ఫోన్ పట్టుకున్నాను.

"పండుకో బిడ్డా" అంది అవ్వ చివరికి.

గడప దగ్గర కూర్చున్న చెల్లెలు ఆ మాట విని, మిట్టమధ్యాహ్నం చాప పరుచుకుని, గట్టిగా కళ్లు మూసుకుని పడుకుంది.