గరిటె కాడతో చేసిన పాదులు

జమ్మలమడుగులో మా మేనత్త ఏటా ఉగాదికి ముందు పెరట్లో బెండ, గోరుచిక్కుడు గింజలు పెట్టేది. పాదులన్నీ గరిటె కాడతో మెల్లగా గీకి చేసేది. గడ్డపార తెస్తానంటే ఉలిక్కిపడేది. ఒక ఏడు అసలు సంగతి చెప్పింది.

"వద్దు పాపా. ఫ్యాక్షన్ గొడవలప్పుడు మీ మామ ఈడ నాటుబాంబులు పూడ్చినాడు. యాడ పూడ్చినాడో చెప్పకుండానే సచ్చిపోయినాడు."

"మరి ఈడే తోట ఎందుకత్తా?"

"ఖాళీగా ఉంటే మీ బావ గది కట్టిస్తానంటాండాడు. కూలోళ్లు వచ్చి పునాది తవ్వరా? చెట్లుంటే ఎవుర్నీ రానియ్యను."

"పోలీసులకు చెప్పొచ్చు కదా."

"చెప్తే ఇంట్లో బాంబులున్నాయని మీ బావను పట్టుకపోతారు."

ఆ ఏడు నేను గింజలు పట్టుకుని పక్కనే కూర్చున్నాను. గరిటె కాడ దేనికో తగిలి ఆగింది. మట్టిలో పురికొస చుట్టిన ఉండ కనిపించింది. అత్త కదల్లేదు.

"పాపా, వీధిలోకి పో. పరిగెత్తొద్దు. మెల్లగా నడువు. పేలకుండా నేను నీళ్లు పోసి నానబెడతా," అంది.

చెప్పులు కూడా వేసుకోకుండా నడిచాను. గేటు అవతల నిలబడి, బిందెలతో నీళ్లు పోస్తున్న చప్పుడు విన్నాను. చాలాసేపటికి పిలిచింది. వెళ్లేసరికి అక్కడంతా బురద, దాని మీద కప్పిన మట్టి. అత్త జానెడు పక్కకు జరిగి మళ్లీ గీకుతోంది.

"గింజలియ్యి," అని చేయి చాచింది.

బురద అంటిన ఆ అరచేతిలో గింజలు పోశాను.