కొళాయి లైన్లో ప్రార్థన

నా చిన్నప్పుడు, నాకు పదేళ్ళు నిండిన ఏడు, వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక శనివారం. మధ్యాహ్నం మూడుంబావు. వేళ ఇంత ఖచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, పక్కింటి వాళ్ళ గోడ గడియారం మా గుమ్మంలోంచి కనపడేది. ఆ రోజు దాన్ని చూసినన్నిసార్లు నేను మళ్ళీ ఏ గడియారాన్నీ చూడలేదు. అప్పటికి నాకు ఒక్క అక్షరం రాదు, ముళ్ళు చూసి వేళ చెప్పడం మాత్రం వచ్చు. అక్షరాలు నలభై ఆరో యేట వచ్చాయి, అదీ చర్చిలో ఆడవాళ్ళకి ఆదివారం మధ్యాహ్నాలు చదువు చెప్పబట్టి. ఇందులో వత్తులు, దీర్ఘాలు తప్పితే మీరే సర్దుకుని చదువుకోండి, నాకేం పట్టింపు లేదు.

మాది కలకత్తా, గార్డెన్ రీచ్. ఓడరేవు డాకుల వెనక బస్తీలో వరసగా ఒంటిగది ఇళ్ళు. సగంమందిమి శ్రీకాకుళం వైపు వాళ్ళం, మిగతా సగం బీహారు వాళ్ళు, బెంగాలీలు. మా నాన్న ఓడల్లోంచి సరుకు దించే కూలీ. ఆ వారం మొదట్లో ఇనపరేకుల కట్ట జారి ఆయన ఎడమ పాదం మీద పడింది. పెద్దాసుపత్రిలో పెట్టారు. శుక్రవారం నాటికి కాలివేళ్ళు నల్లబడ్డాయి. శనివారం నాలుగు గంటలకి కట్టు విప్పి చూస్తాం, కాలు ఉంచాలో తియ్యాలో అప్పుడే తేలుతుంది అన్నారు డాక్టర్లు. బరువులు మోసే మనిషికి కాలు పోవడమంటే ఏమిటో కూలివాడి పిల్లకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

శుక్రవారం మా తెలుగు చర్చి సంఘం ఆడవాళ్ళు ఇంటికొచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. పోతూ పోతూ ఒకామె నా బుగ్గ గిల్లి, పసిపిల్లల ప్రార్థన దేవుడి దగ్గరికి అందరికంటే ముందు చేరుతుంది, రేపు నాలుగింటికి నువ్వు మోకాళ్ళ మీద ఉండాలి, మీ నాన్న కాలు నీ చేతిలో ఉంది అంది. ఆమె మంచికే అంది. అయినా పిల్లలతో అనకూడని మాట అది. ఆ పూట నాకు అన్నం దిగలేదు.

పక్కింటి అక్క ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. పెద్దలు కూటంలో చేసేలాంటి ప్రార్థన ఒకటి నాకు బట్టీ పట్టించి, శనివారం మధ్యాహ్నం మా అమ్మకి తోడుగా ఆసుపత్రికి వెళ్ళింది. ఆ ప్రార్థనలో 'నీ కృపాబాహుళ్యమును బట్టి' అని ఒక ముక్క ఉంది. బాహుళ్యం అంటే ఏమిటో నాకేం తెలుసు. నా చెవికి అది కృపాబావి అని వినబడింది. దేవుడి దగ్గర కృప ఊరే బావి ఒకటుంది కాబోలు అనుకున్నాను. చిక్కంతా అక్కడే వచ్చింది. బావి అనగానే నీళ్ళు గుర్తొచ్చేవి, నీళ్ళు అనగానే వీధిలో కొళాయి గుర్తొచ్చేది.

మా బస్తీకంతటికీ కొళాయి ఒక్కటే. టైమ్ కల్ అనేవాళ్ళం, వేళకే నీళ్ళొచ్చేవి. మధ్యాహ్నం నీళ్ళు నాలుగింటికి. పొద్దున్నుంచే ఎవరి గుర్తు వాళ్ళు లైన్లో పెట్టేసేవాళ్ళం. డబ్బానో, విరిగిన బకెట్టో, తాడు కట్టిన ఇటుకో. మనిషి లేకపోయినా డబ్బా ఉంటే మనిషి ఉన్నట్టే. ఒక కన్ను వేసి ఉంచకపోతే మాత్రం ఎవరో ఒకరు దాన్ని కాలితో వెనక్కి తోసేసేవాళ్ళు.

నేను ట్రంకు పెట్టె ముందు మోకరించి, కళ్ళు గట్టిగా మూసుకుని మొదలుపెట్టేదాన్ని. కృపాబావి దగ్గరికి వచ్చేసరికి లైన్లో ఉన్న మా డాల్డా డబ్బా గుర్తొచ్చేది. ఎవరైనా తోసేశారేమో అనిపించేది. తొక్కుడుబిళ్ళ ఆటలో గీత తొక్కితే మళ్ళీ మొదటి గడి నుంచి ఆడాలి కదా. ప్రార్థనకీ అదే రూలని నాకు నేనే పెట్టుకున్నాను. మనసు జారితే మళ్ళీ మొదట్నుంచి. మూడుంబావుకి మొదలుపెట్టినదాన్ని, మూడూ ముప్పావు అయ్యేసరికి పన్నెండుసార్లు మొదలుపెట్టాను. పన్నెండుసార్లూ ఆ బావిలోనే పడ్డాను. నేను గీత తొక్కిన ప్రతిసారీ అక్కడ నాన్న కాలు ఒక వేలెడు పోతున్నట్టే ఉంది నాకు.

అప్పుడు మా మామ్మ, అంటే నాన్నని కన్నతల్లి, బకెట్టు కోసం లోపలికొచ్చింది. మా మామ్మకి సంఘంలో భక్తురాలని పేరేమీ లేదు. కూటంలో లేచి ప్రార్థన చెయ్యమంటే నాకు రాదని కూర్చునేది. పాటల్లో సగం ముక్కలు మింగేసేది. కొళాయి దగ్గర తగువుకి మాత్రం అందరికంటే ముందుండేది. లైన్లో నిలబడి ఎప్పుడూ ఏదో గొణుగుతూ ఉండేది. ముసల్ది అందరికీ శాపనార్థాలు పెడుతోందని బస్తీలో అనుకునేవాళ్ళు. నేనూ అదే అనుకునేదాన్ని.

ఏడుస్తూ ఉన్నదంతా చెప్పేశాను. మనసు కొళాయి దగ్గరికే పోతోందని, నాన్న కాలు పోతే అది నా పాపమేనని చెప్పాను. దగ్గరికి తీసుకుని ఓదారుస్తుందనుకున్నాను. మా మామ్మ అలాంటి మనిషి కాదు. కొంగుతో నా ముక్కు కందిపోయేలా తుడిచి, జబ్బ పట్టుకుని లేపింది.

"మనసు కొళాయి కాడికి ఎల్తంటే నువ్వీడ కూకుండి ఏటి సేస్తన్నావే? దానెనకాల నువ్వూ ఎల్లు. ఆయనకి కొళాయి తెలవదనుకున్నావేటి?"

లైన్ అప్పటికే ఎర్రరంగుతో కొడవలి గీసిన గోడ దాటి మలుపు తిరిగింది. నేను అక్కడ నిలబడి మళ్ళీ కళ్ళు మూసుకోబోయాను. వద్దంది. కళ్ళు మూసుకుంటే దేవుడు కనపడ్డం మాట అటుంచు, బకెట్టు కనపడకుండా పోద్ది అంది. మా వెనక వంతు బీహారీ చాచీది. ఆమె నవ్వి, మౌసీ, ఇవాళ తిట్లు ఎవరి వంతు అని అడిగింది. ముందు నీ వంతే, కాసుకో అంది మా మామ్మ.

నీళ్ళొచ్చాయి. లైన్ కదలడం మొదలైంది. మనిషి రాని డబ్బాల్ని ఎవరైనా కాలితోనే ముందుకు జరిపేవాళ్ళు. మా మామ్మ మాత్రం వంగి చేత్తో జరిపేది. నడుం నొప్పి ఉన్న ముసల్ది ఎందుకలా వంగుతుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ రోజు పక్కనే ఉండి మొదటిసారి ఆ గొణుగుడు విన్నాను. చాచీ చీలిక బకెట్టు మీద చెయ్యి పెట్టి, ఈమె కొడుకు తాగుడు మానాల, తండ్రీ నువ్వు సూడు అంది. అంతే, ఇంకో మాట లేదు. తాడు కట్టిన ఇటుక దగ్గరికెళ్ళింది. అది ఎప్పుడూ దగ్గుతూ ఉండే బెంగాలీ ముసలాయనది, కాకాబాబు అనేవాళ్ళం. ఈయనకి రాత్రుళ్ళు నిద్ర పట్టాల అంది. తర్వాత ఒక సొట్టగిన్నె. ఆ గిన్నె తాలూకు ఆమెకీ మా మామ్మకీ పొద్దున్నే పెద్ద తగువైంది. దాని మీద చెయ్యి వేసి కాసేపు ఆగింది. "దీనికి బుద్ధి రావాల" అని, కొంచెం ఆలోచించి, "నాకూ రావాల" అంది.

ఏళ్ళ తరబడి ఈ మనిషి తిట్టుకుంటోందని అందరం అనుకుంటుంటే, ఆమె రోజూ బస్తీ మొత్తాన్ని ఒక్కొక్కరిగా దేవుడికి చెబుతోంది. సంఘంలో ఎంత పెద్ద భక్తుడి దగ్గరా అంత పొడుగు ప్రార్థన చీటీ ఉండి ఉండదు. మా మామ్మకి చీటీ రాయడం రాదు, చదవడం రాదు. ఏ డబ్బా ఎవరిదో మాత్రం తెలుసు.

ఇంక నువ్వు చెప్పు అంది. తర్వాతిది రంగుడబ్బా, దాని తాలూకు ఆమె బాలింత. ఈమెకి పాలు పడాలి అన్నాను, సిగ్గుపడుతూ. మామ్మ తలాడించింది. ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి. మనసు జారితే పక్క డబ్బా మీదే పడేది, అదీ ప్రార్థనే అయ్యేది. మళ్ళీ మొదట్నుంచి అన్న బాధ లేదు. చివరికి మా డాల్డా డబ్బా దగ్గరికి వచ్చాం. నాన్న కాలు అన్నాను. ఇంక రాలేదు. అక్క నేర్పిన ప్రార్థన ఒక్క ముక్క గుర్తు లేదు. మామ్మ నా చెయ్యి డబ్బా మీద పెట్టి, సరిపోనాది, ఆయనకి తెలిసినాదిలే, జరుపు అంది.

జరిపాను. కానీ అడక్కుండా ఉండలేకపోయాను. మరి కాలు పోతే అన్నాను. అప్పుడు నా మొహం తన వైపు తిప్పుకుని చెప్పింది.

"నీ పాడు పేర్దన ఒల్ల మీ అయ్య కాలు పోదే. నీ మంచి పేర్దన ఒల్ల నిలబడదు. ఇనీవోడు మంచోడు. అది పట్టుకో, సాలు."

నెత్తి మీది బస్తా ఎవరో రెండు చేతులా దించినట్టయింది. ముందు రోజు నుంచీ అప్పుడే కడుపు నిండా ఊపిరి పీల్చుకున్నాను.

అయిదున్నర ప్రాంతంలో మా వంతు వచ్చింది. బకెట్టు సగం నిండిందో లేదో, పక్కింటి అక్క మలుపు తిరిగి వస్తూ కనపడింది. నడకలోనే సగం తెలిసిపోయింది. మామ్మా, ప్రాణానికి భయం లేదు, మడమ ఉంచుతారంట, పాదంలో ముందు సగం తీసేస్తారంట అని ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

నేను మామ్మ మొహంలోకి చూశాను. వినేవాడు మంచోడని చెప్పి ఎంతోసేపు కాలేదు. ఇప్పుడేమంటుందో దాన్ని బట్టే నేను ఇంక జన్మలో ప్రార్థన చేస్తానో, మానేస్తానో. పదేళ్ళ పిల్లకి అంత ఆలోచన ఉంటుందా అంటారేమో. ఉంటుంది. అంతా దేవుడి చిత్తమనో, ఏది జరిగినా మన మంచికేననో అని ఉంటే, నేను ఆ రోజే మానేసేదాన్ని.

అలాంటిదేదీ అనలేదు. కొళాయి గట్టు మీద కూలబడింది. ఆ కాలు ఆమె కన్న కాలు కదా. ఆ కొళాయికి తల ఎప్పుడో ఊడిపోయింది, కట్టడానికి లేదు. బకెట్టు నిండి నీళ్ళు ఆమె చీర మీదికి పొర్లుతున్నాయి. వెనక అంత లైనుంది, ఒక్కరూ జరగమనలేదు. సొట్టగిన్నె ఆమె కూడా అనలేదు. కాసేపటికి మామ్మ తల పైకెత్తింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. అందరికీ వినపడేంత గట్టిగా అంది.

"తండ్రీ, నాకిది నచ్చనేదు. నువ్వు మంచోడివే, కాదన్ను. అయినా నాకిది నచ్చనేదు. రేపొస్తాను."

లేచి, బకెట్టు ఎత్తుకుని ఇంటి వైపు నడిచింది. కాకాబాబుకి తెలుగు ముక్క రాదు. అయినా విషయం తెలిసినట్టే తలాడించాడు.

దీపాలు పెట్టే వేళ నేను మళ్ళీ మోకరించాను. అక్క నేర్పింది చెప్పలేదు. నాకూ నచ్చలేదు అని మొదలుపెట్టాను. నచ్చనివన్నీ చెప్పాను, ఆ సంఘం ఆమె నా బుగ్గ గిల్లి అన్న మాట కూడా. ఎంతసేపు చెప్పానో తెలీదు. ఆ ప్రార్థనలో మాత్రం మనసు ఎటూ పోలేదు. పోవడానికి దానికి తీరికేదీ?

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చి చూస్తే మామ్మ అప్పటికే లైన్లో ఉంది, వంగుతూ, గొణుగుతూ. వస్తానంది, వచ్చింది.

నాన్న రెండు నెలలకి ఇంటికొచ్చాడు. చెప్పులో గుడ్డలు కుక్కుకుని నడవడం నేర్చుకున్నాడు. మోత పని పోయింది, గేటు దగ్గర కూర్చునే పని దొరికింది. ఎలాగో బతికాం, బాగానే బతికాం. చాలా ఏళ్ళకి, నాకు పిల్లలు పుట్టాక, ఆయనకి ఆ పన్నెండుసార్ల సంగతి చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వాడు. అయితే మిగిలిన సగం పాదం నీ వల్లేనేటే అన్నాడు. కాదన్నాను. పోయిన సగమో అన్నాడు. అదీ కాదన్నాను. మరింకేటి, చా పెట్టు అన్నాడు.

ఇప్పుడు మా ఆడవాళ్ళ కూటంలో నన్ను ప్రార్థనాపరురాలు అంటారు. అబద్ధం. నాకు ఇప్పటికీ మనసు జారుతుంది. మోకరిస్తే కునుకు పడుతుంది. కొన్ని వారాలైతే గోడతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. మొన్న ఒక కోడలుపిల్ల, సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ పని చేసే పిల్ల, ప్రార్థనకి కూర్చుంటే ఆఫీసే గుర్తొస్తోంది ఆంటీ, నేను విశ్వాసంలో చల్లారిపోయాను అని ఏడ్చింది. చల్లారలేదు, ఆఫీసులో ఒక్కొక్కరి బల్ల దగ్గరా ఆగి వాళ్ళ సంగతి ఆయనకి చెప్పు, మీ పెద్దాఫీసరు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగు అన్నాను. ఇంకేదో పెద్ద మాట చెబుతాననుకుంది పాపం. నా దగ్గర పెద్ద మాటలు లేవు. బాగా చెయ్యలేకపోయామని మానేసేవాళ్ళని చాలామందిని చూశాను. బాగా చెయ్యడం అక్కర్లేదు. నా ప్రార్థన ఎంత చప్పగా సాగినా, ఎంత కోపంగా సాగినా, ఆమెన్ అనే ముందు ఒక మాట అంటాను. రేపొస్తాను అంటాను. అన్నాక వెళ్తాను.

ఆ శనివారం నాటి వాళ్ళందరినీ మా మామ్మలాగే ఒక్కొక్కరిగా తలుచుకుని ఆపుతాను. కొళాయి దగ్గర ఉన్నవాళ్ళు వీళ్ళు. మా మామ్మ, బీహారీ చాచీ, కాకాబాబు, సొట్టగిన్నె ఆమె, చంకలో బిడ్డతో ఆ బాలింత, ఆసుపత్రి నుంచి కబురు తెచ్చిన పక్కింటి అక్క. ఆసుపత్రిలో మంచం మీద మా నాన్న, మంచం పక్కన మా అమ్మ. ఇంకా నేను.